మాల తీసిన మర్నాటి బీడీ



కార్తీక మాసం వచ్చిందంటే హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో ఏ వీధిలో చూసినా నల్లబట్టల స్వాములు కనిపిస్తారు. వాళ్ళలో పొద్దున లేచింది మొదలు బీడీ మీద బీడీ ముట్టించే అలవాటున్న వాళ్ళూ ఉంటారు. గురుస్వామి మెడలో మాల వేసిన గడియ నుంచి అలాంటివాళ్ళలో ఎందరో బీడీ జోలికి పోరు. నలభై ఒక్క రోజులు చన్నీళ్ళ స్నానం, నేలమీద పడక, రెండు పూటలా భజన. బీడీ లేదు, సిగరెట్టు లేదు. శబరిమలకు పోయి ఇరుముడి సమర్పించి వస్తారు. మాల తీస్తారు. మర్నాడో, ఆ వారంలోనో, టీ అంగడి ముందు అదే చేతిలో మళ్ళీ అదే బీడీ. ఇంట్లోవాళ్ళు ఉసూరుమంటారు. దేవుడి భయం ఉన్నన్నాళ్ళు బాగానే ఉన్నాడు, మనిషికి గట్టి మనసు లేదు, అంటారు. ఆ మాట అనేముందు ఒక ప్రశ్న వేసుకుందాం. పొగాకులో నికోటిన్ అనే పదార్థం ఉందని, అదే మనిషిని బీడీకి కట్టిపడేస్తుందని అందరం వింటూనే ఉన్నాం. అది నిజమే. కానీ కట్టిపడేసేది ఆ నికోటిన్ ఒక్కటేనా?

అలాంటి ఒక స్వామి ఒంట్లో ఏం జరిగిందో చూద్దాం. ఒంట్లోకి పోయిన నికోటిన్‌లో సగం, దాదాపు రెండు గంటల్లో విరిగిపోతుంది. మిగిలినదాంట్లో సగం మరో రెండు గంటల్లో పోతుంది. రెండు మూడు రోజులు బీడీ తాగకపోతే ఇక నికోటిన్ మిగిలేది ఏమీ లేనట్టే. అది అందక ఒళ్ళు పడే యాతన వేరే ఉంటుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం. ఆ యాతన మొదటి వారంలో గట్టిగా ఉంటుంది. మూడు నాలుగు వారాలకు చాలామందిలో తగ్గిపోతుంది. అంటే నలభై ఒకటో రోజుకు ఆ స్వామి అన్నిటికంటే కష్టమైన రోజులు ఎప్పుడో దాటేశాడు. ఒంట్లో నికోటిన్ లేదు. నికోటిన్ కోసం ఒళ్ళు చేసే గోల కూడా చాలావరకు అణిగింది. మరి మాల తీసిన మర్నాడు ఆ బీడీని చేతికి అందించింది ఏది?

నికోటిన్ శక్తిని తక్కువ చేసి చెప్పడానికి నేను ఈ మాట ఎత్తలేదు. దాని సంగతి ముందే ఒప్పుకుందాం. 1942లో లెనాక్స్ జాన్‌స్టన్ అనే బ్రిటిష్ డాక్టరు తానూ నికోటిన్ ఇంజెక్షన్ చేసుకుని, కొందరికి చేసి చూశాడు. పొగతాగే అలవాటున్న వాళ్ళకు అది హాయిగానే అనిపించింది. మనుషులు పొగ తాగేది నికోటిన్ కోసమేనని ఆయన లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. అప్పట్లో ఆ మాట పెద్దగా ఎవరికీ ఎక్కలేదు. 1988లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి తన నివేదికలో ఆ మాటే అధికారికంగా చెప్పాడు: నికోటిన్ వ్యసనం కలిగించే పదార్థం. ఆ మరుసటి ఏడే అమెరికాలో ఒక పెద్ద కంపెనీ నికోటిన్ దాదాపు తీసేసిన సిగరెట్టును అంగట్లో పెట్టి చూసింది. రంగు ఉంది, వాసన ఉంది, పొగ ఉంది. జనం కొనలేదు, కంపెనీ దాన్ని ఎత్తేసింది. నికోటిన్ లేని సిగరెట్టును ఎవరూ ఎక్కువకాలం పట్టుకుని వేలాడరని దానితో తేలిపోయింది. ఇంకో సంగతి, వేగం. ఒక దమ్ము లాగితే పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. నరానికి సూది వేసినా అంతకంటే త్వరగా చేరడం కష్టం. అందుకని నేను చెప్పదలచుకున్నది ఇది, బాగా వినండి: నికోటిన్ లేకపోతే ఈ వ్యసనం లేదు. అయినా నికోటిన్ ఒక్కటే ఈ వ్యసనం కాదు.

ఎలా కాదో చెప్పిన మనిషి నికోటిన్‌కు పగవాడేమీ కాదు. అమెరికాలో జెడ్ రోజ్ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. పొగ మానేవాళ్ళు చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీని కనిపెట్టిన కొద్దిమందిలో ఆయన ఒకడు. పొగ తాగకుండానే నికోటిన్‌ను నెమ్మదిగా అందిస్తే పొగమీద యావ తీరుతుందన్న ఆశతో పుట్టింది ఆ పట్టీ. అది ఉపయోగపడింది కూడా. పట్టీయో, నికోటిన్ చూయింగ్ గమ్మో వాడినవాళ్ళలో మానగలిగేవాళ్ళు, వాడనివాళ్ళకంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువని ఎన్నో పరీక్షల్లో తేలింది. కానీ వాడినవాళ్ళలో కూడా ఎక్కువమంది మళ్ళీ సిగరెట్టు దగ్గరికే వచ్చారు. నికోటిన్ అందుతూనే ఉంది, అయినా సిగరెట్టు కావాలంటున్నారు. ఎందుకు? పట్టీ నెమ్మదిగా అందిస్తుంది, దమ్ము గబుక్కున అందిస్తుంది, తేడా అదే అని మీరు అనవచ్చు. సరైన అభ్యంతరమే. రోజ్ దానికి కూడా పరీక్ష పెట్టాడు. పొగతాగేవాళ్ళకు ఒకవైపు నికోటిన్‌ను నేరుగా నరంలోకి, దమ్ము దమ్ముకు ఎంత అందుతుందో అలాగే చిన్నచిన్న మోతాదుల్లో ఎక్కించాడు. మరోవైపు నికోటిన్ తీసేసిన సిగరెట్టు ఇచ్చాడు. ఏది కావాలో మీరే ఎంచుకోండి అన్నాడు. చాలామంది మొగ్గింది పొగవైపే. నికోటిన్ లేని ఉత్త పొగవైపు! ఆ ఉత్త పొగ వాళ్ళ యావను తగ్గించింది కూడా, కాసేపటికైనా సరే. అంతకుముందు ఆయనే మరొకటి చేశాడు. గొంతుకు తిమ్మిరి మందు ఇచ్చి సిగరెట్టు తాగించాడు. గొంతులో ఆ ఘాటు తెలియకపోయేసరికి సిగరెట్టు తాగిన తృప్తి తగ్గిపోయింది. నికోటిన్ ఊపిరితిత్తులకు పోతూనే ఉంది. పోయింది గొంతులో గరగర ఒక్కటే.

ఈ గొంతు సంగతి, నోటి సంగతి మన తెలుగునాట ఎంత దూరం పోతుందో తెలియాలంటే ఉత్తర కోస్తా వైపు చూడాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరపు పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట తాగే తీరు ఒకటుంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిలికి క్యాన్సరు వస్తోందని 1950లలోనే మన డాక్టర్లు గుర్తించి రాశారు. 1971లో పది వేలమందికి పైగా పల్లెజనాన్ని పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం బ్రిటిష్ పత్రికలో వచ్చింది. ఇప్పుడు ఆలోచించండి. నికోటిన్ కావాలంటే చుట్టను మామూలుగా తాగినా అందుతుంది. నోరు కాల్చుకోవలసిన పని లేదు. అయినా ఆ తల్లులు ఆ వేడినే, ఆ తీరునే పట్టుకుని ఉన్నారంటే, వాళ్ళను పట్టుకున్నదాంట్లో నికోటిన్ కాకుండా మరేదో కూడా ఉంది. పక్కింటి అవ్వ దగ్గర, సొంత తల్లి దగ్గర చూసి నేర్చుకున్న తీరు అది. నికోటిన్ ఎవరికీ ఏ కొస నోట్లో పెట్టుకోవాలో నేర్పదు.

ఇక అసలు సంగతికి వద్దాం. హిందూపురం మార్కెట్టులో చింతపండు రాశులు పోసి ఉంటాయి. ఆ పక్కగా పోతుంటే నోట్లో నీళ్ళూరతాయి. నాలుక మీద చింతపండు లేదు. ఆ పులుపు ఒంట్లోకి పోలేదు. కంటికి కనిపించింది, ముక్కుకు వాసన తగిలింది, అంతే. ఎన్నిసార్లో తిని ఉన్న నోరు కాబట్టి ముందే సిద్ధమైపోతుంది. పొగతాగే మనిషి విషయంలో ఇదే జరుగుతుంది, ఇంతకు ఎన్నో రెట్లు బలంగా. ఎందుకంటే లెక్క చూడండి. రోజుకు ఇరవై బీడీలు, ఒక్కో బీడీకి కనీసం పది దమ్ములు. రోజుకు రెండు వందలు. ఏడాదికి డెబ్బై వేలకు పైమాటే. పైగా బీడీని మధ్యలో దమ్ము లాగకుండా వదిలేస్తే ఆరిపోతుంది, అందుకని సిగరెట్టుకంటే ఎక్కువసార్లే లాగాలి. ప్రతి దమ్ముకూ నికోటిన్ మెదడుకు చేరి ఒక చిన్న హాయి ఇస్తుంది. ఆ హాయి వచ్చిన ప్రతిసారీ పక్కన ఏదో ఒకటి ఉంటుంది. టీ గ్లాసు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు, భోజనం అయిన క్షణం, ఫలానా స్నేహితుడి ముఖం, బస్టాండు. ఏళ్ళు గడిచేసరికి ఆ హాయి ఇవన్నిటికీ పాకుతుంది. చివరికి టీ గ్లాసు చూస్తేనే చేయి జేబులోకి పోతుంది. ప్రయోగశాలలో ఎలుకల మీద చేసిన పరీక్షలూ ఇదే చెప్పాయి. మీట నొక్కితే ఉత్త నికోటిన్ అందేలా పెడితే ఎలుకలు ఏదో కొద్దిగా నొక్కాయి. నికోటిన్‌తోపాటు ఒక దీపం వెలిగేలా పెడితే ఎన్నో ఎక్కువసార్లు నొక్కాయి. దీపంలో మందేమీ లేదు. నికోటిన్ ఆ దీపానికి విలువ పెంచింది, ఆ దీపం ఎలుకను మళ్ళీ మళ్ళీ మీట దగ్గరికి తెచ్చింది.

పొగలో ఇంకొన్ని రసాయనాలకూ ఇందులో వాటా ఉంది. దాన్ని క్లుప్తంగా చెబుతాను. మన మెదడులో హాయి కలిగించే డోపమిన్ అనే పదార్థం ఉంది. దాన్ని ఎప్పటికప్పుడు విరిచేసే ఒక ఎంజైము ఉంది. 1996లో అమెరికాలో జోనా ఫౌలర్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు పొగతాగేవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి చూస్తే, వాళ్ళలో ఆ ఎంజైము మిగతావాళ్ళకంటే నూటికి నలభై వంతులు తక్కువగా ఉంది. దాన్ని అణిచింది నికోటిన్ కాదు, పొగలోని వేరే పదార్థాలు. ఎంజైము అణిగితే నికోటిన్ ఇచ్చే హాయి మరింతసేపు నిలుస్తుందని అనుకోవడానికి ఆధారాలున్నాయి. ఎలుకల్లో ఆ ఎంజైమును మందుతో అణిస్తే అవి నికోటిన్‌ను ఇంకా ఎక్కువగా కోరుకున్నాయి. అంటే పట్టీలో ఉన్న నికోటిన్, పొగలో ఉన్న నికోటిన్ ఒకటే అయినా, మెదడులో అవి చేసే పని ఒకటి కాదు.

మళ్ళీ మన ఊళ్ళకు వద్దాం. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న నేతగాడు పట్టు పడుగు దగ్గరికి నిప్పు తేలేడు. గంటల తరబడి నేస్తాడు. పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు షిఫ్టు అంతా లోపలే ఉంటారు. పెనుకొండలో, హిందూపురంలో రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న సాయిబులు సహరీ నుంచి ఇఫ్తార్ దాకా నీళ్ళే ముట్టరు, ఇక పొగ మాట ఎక్కడిది? నికోటిన్ ఒక్కటే యజమాని అయితే వీళ్ళందరిలో యావ గంట గంటకూ ఒకే తీరున పెరగాలి. ఇజ్రాయెల్‌లో రూవెన్ దార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్నే పరీక్షించాడు. పొగతాగే విమాన సిబ్బందిని ఎంచుకున్నాడు. విమానంలో పొగ తాగకూడదు. ఐరోపాకు పోయే చిన్న ప్రయాణం కొన్ని గంటలు, అమెరికాకు పోయే ప్రయాణం అంతకు రెట్టింపు పైన. చిన్న ప్రయాణం ముగిసేసరికి యావ ఎంత పెరిగిందో, పెద్ద ప్రయాణం ముగిసేసరికీ దాదాపు అంతే పెరిగింది. ఎక్కువ గంటలు ఆగినవాళ్ళకు ఎక్కువ యావ ఉండాలి కదా, ఉండలేదు. విమానం దిగబోతోంది అన్న ఆలోచనతో యావ లేచింది. ఆయనే సబ్బాతు రోజున, అంటే వాళ్ళ వారపు విశ్రాంతి దినాన, పొగ ముట్టని నిష్ఠగల యూదులనూ పరిశీలించాడు. మామూలు రోజున బలవంతంగా మానిపిస్తే పడిన యాతన, సబ్బాతు రోజున వాళ్ళలో అంత లేదు. ఇవి చిన్న అధ్యయనాలే, కొద్దిమంది మీద చేసినవి. అయినా బెంగళూరు నుంచి వచ్చే రైల్లో, ధర్మవరం జంక్షను దగ్గరపడుతుంటే జేబు తడుముకునే ప్రయాణికుణ్ణి చూసినవాళ్ళకు ఈ ఫలితం కొత్తగా అనిపించదు. మెడలో మాల ఉంటే తాగే వీలు లేదని మనసుకు తెలుసు. టీ అంగడి, స్నేహితులు, అగ్గిపెట్టె, అన్నీ దూరమవుతాయి. జనం పేరు పెట్టి పిలవడం కూడా మానేసి స్వామీ అంటారు. మాల తీసిన రోజున అవన్నీ ఒక్కసారిగా తిరిగి వస్తాయి. ఒళ్ళు మారింది, ఊరు మారలేదు.

దీనిమీద రెండు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. ఒకటి, పొగే లేని ఖైనీ, గుట్కా కూడా మనిషిని పట్టుకుంటాయి కదా, అప్పుడు నికోటిన్ ఒక్కటే చాలదా అని. ఖైనీ నలిపేవాణ్ణి చూడండి. అరచేతిలో సున్నం కలపడం, బొటనవేలితో రాయడం, దుమ్ము దులపడం, పెదవి కింద పెట్టడం, ఆ మంట. అక్కడా నికోటిన్ ఒంటరిగా రాలేదు, సరంజామా అంతా వెంట తెచ్చుకుంది. ఉత్త నికోటిన్ అంటే పట్టీ. అంతకుముందు పొగాకు వాసన తెలియని మనిషి పట్టీకి బానిస కావడం చాలా అరుదు. రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. టీ గ్లాసుకైనా, స్నేహితుడి ముఖానికైనా ఆ బలం ఇచ్చింది నికోటినే కదా, కాబట్టి అంతా నికోటిన్ పనే కదా అంటారు. బలం ఇచ్చింది నికోటినే, ఒప్పుకుంటాను. కానీ ఇచ్చేసిన తర్వాత ఆ బలం నికోటిన్ దగ్గర లేదు. ఒంట్లోంచి నికోటిన్ మొత్తం పోయినా అది పోదు. నికోటిన్‌కు విరుగుడు వేసినంత మాత్రాన తగ్గదు. 2007లో వచ్చిన ఒక పరిశోధన దీన్ని వింతగా చూపించింది. పక్షవాతం వచ్చి మెదడులో ఇన్సులా అనే భాగం దెబ్బతిన్న పొగరాయుళ్ళలో కొందరు ఏ యాతనా లేకుండా, ఉన్నట్టుండి సిగరెట్టు మానేశారు. తాగాలన్న ఆలోచనే రావడం లేదన్నారు. ఇన్సులా అంటే ఒంట్లో ఏం జరుగుతోందో మనసుకు తెలియజేసే భాగం. గొంతులో ఘాటు, ఛాతీలో నిండుదనం, ఆకలి, దప్పి, ఇవన్నీ మనకు తెలియడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. ఒంటి సంగతి తెలిపే ఆ భాగం దెబ్బతింటే యావ కూడా పోయింది.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. నికోటిన్ ఒక్కటే కాదు అన్నానని, ఇది ఉత్త అలవాటే, కావాలంటే మానేయొచ్చు అనుకోకండి. 1994 ఏప్రిల్‌లో అమెరికా పార్లమెంటు సభ్యుల ముందు ఏడుగురు సిగరెట్టు కంపెనీల పెద్దలు నిలబడి, నికోటిన్ వ్యసనం కలిగించదని ప్రమాణం చేసి మరీ చెప్పారు. వాళ్ళకు కావలసింది, తప్పు తాగేవాడి మీదికి నెట్టడం. నేను చెబుతున్నది దానికి పూర్తిగా ఎదురు. ఈ కట్టు వాళ్ళు ఒప్పుకున్నదానికంటే, నికోటిన్ ఒక్కదానితో కొలిచేదానికంటే బలమైనది. ఒంటికి ఒక ముడి, ఊరికి ఒక ముడి. అందుకే పట్టీ వేసుకుని కూడా మానలేకపోయినవాణ్ణి గట్టి మనసు లేనివాడనడం అన్యాయం. వాడు ఒక ముడి విప్పుకున్నాడు. రెండో ముడి సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

అందుకని మానాలనుకునేవాళ్ళు రెండు పనులూ కలిపి చేయాలి. మందు ఒకటే, ధైర్యం చెప్పడం ఒకటే అయితే వచ్చే ఫలితం కంటే, రెండూ కలిస్తే వచ్చే ఫలితం మెరుగని పరిశోధనలు చెబుతున్నాయి. మొదటి వారాల కోసం నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేసి, నోరు మండిందని పారేస్తారు. అలా కాదు. కొంచెం నమిలి, నోట్లో చురచుర తెలియగానే నమలడం ఆపి, బుగ్గకు ఆనించి ఉంచాలి. చురచుర తగ్గితే మళ్ళీ కొంచెం నమలాలి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడిగే వాడాలి. ఇక మాల వేసుకున్న స్వాములకు ఆ మొదటి వారాలు దీక్షలోనే గడిచిపోతాయి. వాళ్ళకు కావలసింది మాల తీసిన తర్వాతి రోజులకు తోడు. గురుస్వాములకు నాదొక మనవి. మాల తీసేటప్పుడు, మిగతా నియమాలు వదిలేసినా బీడీ నియమం ఒక్కటి ఇంకొక మండలం, అంటే ఇంకో నలభై ఒక్క రోజులు, ఉంచుకోమని ఆ శిష్యుణ్ణి అడగండి. మీ మాటకున్న విలువ ఏ మందుకూ లేదు. ఆ రోజుల్లో టీ వేరే అంగట్లో తాగమనండి, జేబులో అగ్గిపెట్టె పెట్టుకోవద్దనండి. స్నేహితులు, ఒక్కటే కదా అని చేతికి అందించకండి. ఇంట్లో అమ్మలు, అక్కలు, వాడు ఒక రోజు జారినా దెప్పకండి. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టనివ్వండి.

ఎవరితో మాట్లాడాలో తెలియనివాళ్ళకు ప్రభుత్వం ఒక ఉచిత ఫోన్ నంబరు పెట్టింది. 2018 నుంచి సిగరెట్టు పెట్టెల మీద హెచ్చరికతోపాటు ఆ నంబరు కూడా ముద్రిస్తున్నారు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, నెమ్మదిగా చెబుతాను. ఒకటి, ఎనిమిది, సున్నా, సున్నా. ఒకటి, ఒకటి. రెండు, మూడు, ఐదు, ఆరు. మరోసారి: 1800-11-2356.